మొదటి గడిలో పెట్టిన టిక్కు

పన్నెండేళ్ళ కిందట ఒక ఫారం మీద, మొదటి ప్రశ్నకి ఎదురుగా ఉన్న గడిలో, నేనొక టిక్కు పెట్టాను. నీలం బాల్‌పెన్ను. గోరంత గీత. అప్పటినుంచీ దాన్ని మోస్తున్నాను. ఆసుపత్రికి మోసుకెళ్ళాను, పెళ్ళిళ్ళకి మోసుకెళ్ళాను, గుడికి వెళ్ళినప్పుడు చెప్పులు విడిచినట్టు బయట విడిచి లోపలికి పోదామనుకున్నాను, కుదరలేదు. ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు. ఎందుకు చెప్పలేదు? భయం. ఎవరంటే భయమో చదువుతూ పోతే మీకే తెలుస్తుంది.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్ళయితే మధ్యలోనే ఆపేస్తారు. "పోనివ్వండి, ఇప్పుడెందుకండీ అవన్నీ" అంటారు. మా జిల్లా వాళ్ళకి ఎదుటిమనిషిని ఇబ్బంది పెట్టడం చేతకాదు. మీరు మాత్రం ఆపకండి. ఆపితే మళ్ళీ మొదలుపెట్టే ధైర్యం నాకు రాదు.

నేను ఏలూరులో ఒక మానసిక వైద్యశాలలో సైకాలజిస్టుని. డాక్టరుని కాను, మందులు రాయను. మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని ప్రశ్నలు అడుగుతాను, అతని స్వభావం ఎలాంటిదో రిపోర్టు రాస్తాను, కింద డాక్టరుగారు సంతకం పెడతారు. పుట్టింది తాడేపల్లిగూడెం. పెళ్ళి చేసుకోలేదు. పేరు ఇక్కడ రాయడం లేదు. రాయాల్సిన చోట రాశాను. అదెక్కడో చివర్లో చెబుతాను.

ముందు నా తమ్ముడి గురించి చెప్పాలి.

అమ్మ పోయేనాటికి నాకు పంతొమ్మిదేళ్ళు, వాడికి తొమ్మిది. నాన్న పొద్దున్నే ఉల్లిపాయల మార్కెట్‌కి వెళితే సాయంత్రానికి వచ్చేవాడు. వాడికి అన్నం పెట్టింది, తల దువ్వింది, బడికి పంపింది నేనే. చాలా అందమైన పిల్లాడు. మాట మెత్తన. వీధిలో ప్రతివాళ్ళనీ "ఏవండీ, భోంచేశారా అండీ" అని పలకరించేవాడు. ఆ వయసులో అంత మర్యాద ఎక్కడ నేర్చాడా అని అందరూ ముచ్చటపడేవాళ్ళు. నేనూ పొంగిపోయేదాన్ని.

వాడికి పదకొండేళ్ళప్పుడు పక్కింటి పిల్లి నాలుగు కూనల్ని పెట్టింది. ఒక సాయంత్రం అవి కనిపించలేదు. కాలవ గట్టు వైపు వెళ్ళి చూద్దును కదా, వాడు ఉల్లిపాయల గోనెసంచి ఒకటి నీళ్ళలో ముంచి పట్టుకుని కూర్చున్నాడు. నన్ను చూసి ఉలిక్కిపడలేదు. "ఎంతసేపు కదులుతాయో చూస్తున్నానక్కా" అన్నాడు. గొంతులో ఏమీ లేదు. కోపం లేదు, ఆనందం లేదు. ఇంటికొచ్చాక పక్కింటావిడ కూనల కోసం వెతుక్కుంటుంటే ఆవిడతో పాటు వీధంతా తిరిగాడు. కన్నీళ్ళు కూడా పెట్టుకున్నాడు. నేను ఆవిడతో, "తల్లిపిల్లి నోట కరుచుకుని ఎటో మార్చేసి ఉంటుందండీ" అన్నాను.

అదే మొదటిసారి. చూశారా, ఎంత తేలిగ్గా వచ్చిందో. తల్లి లేని పిల్లాడు, తెలియక చేశాడు, పెద్దయితే మారతాడు. ఆ తర్వాత నేను ఈ చదువే ఎందుకు చదివానని ఎవరైనా అడిగితే, మనుషులకి సాయం చెయ్యాలని అని చెబుతుంటాను. అబద్ధం. ఆ సంచి పట్టుకున్న చేతులకి పుస్తకాల్లో ఏదో పేరుంటుందని, పేరుంటే మందు కూడా ఉంటుందని చదివాను. పేరు దొరికింది. రెండోది దొరకలేదు.

ఇక్కడ ఒక మాట మీకు తెలియాలి. మతి చెదరడం వేరు, స్వభావమే వంకరగా గట్టిపడిపోవడం వేరు. మొదటిదాన్ని అందరూ పిచ్చి అంటారు. రెండోదాన్ని మేం పర్సనాలిటీ డిజార్డర్ అంటాం. అందులో చాలా రకాలున్నాయి. అనుమానంతో ఎవర్నీ దగ్గరికి రానివ్వని వాళ్ళుంటారు, క్షణానికో రకంగా మారేవాళ్ళుంటారు, ఎదుటివాడి నొప్పి తమకి ఏమాత్రం అంటనివాళ్ళుంటారు. పేపర్లో ఏ ఘోరం గురించి రాసినా "సైకో" అని పెద్ద అక్షరాలు వేస్తారు కదా, అది చదివి వీళ్ళంతా నేరస్థులనుకుంటారు జనం. ఎక్కువమంది ఎవరి జోలికీ పోరు. తాము నలిగి, ఇంట్లోవాళ్ళని నలిపి, అలాగే వెళ్ళిపోతారు. ఇంకో సంగతి. మా రిపోర్టు ఒక మనిషి ఎలాంటివాడో కొంతవరకూ చెప్పగలదు. ఫలానా రోజున ఫలానా పని చేశాడో లేదో చెప్పలేదు. ఏ రిపోర్టూ చెప్పలేదు. ఇది నాకు కాలేజీ మొదటి ఏడాదిలోనే నేర్పారు.

పెద్దయ్యాక తమ్ముడు కైకలూరులో కొట్టు పెట్టాడు. చేపల చెరువులకి వేసే మందులు, మేతలు అమ్మేవాడు. కొల్లేరు ఊళ్ళల్లో ఒక ఊరి ఉమ్మడి చెరువుకి సరుకు వీడి దగ్గర్నుంచే వెళ్ళేది. ఉమ్మడి చెరువంటే ఊరందరిదీ. ప్రతి ఇంటికీ అందులో వాటా ఉంటుంది, చేపలు పట్టి అమ్మిన డబ్బు ఇంటింటికీ పంచుతారు. ఆ వాటా ఉంటేనే ఆ ఊరిమనిషి. చెరువు సంఘం పెద్దని ఇక్కడ బలరామయ్యగారు అంటాను. ఆయనొకరోజు వీడి కొట్టుకి వచ్చి, గడువు దాటిపోయిన డబ్బాల మీద కొత్త చీటీలు అంటించి అమ్ముతున్నాడని పట్టుకున్నాడు. పదిమందిలో నిలదీశాడు. సరుకు మానేశాడు.

తర్వాత ఒక ఆదివారం. వాడు భోజనానికి వస్తానన్నాడని ఉదయమే కొరమీను తెచ్చాను. కొరమీను సంగతి మీకు తెలుసో లేదో. నీళ్ళలోంచి తీసినా గంటల తరబడి బతికే ఉంటుంది. జారిపోకుండా బూడిద రాసి పట్టుకుని, బండ మీద పెట్టి, నెత్తి మీద రోకలిబండతో గట్టిగా ఒక్క దెబ్బ వెయ్యాలి. మా అమ్మ అలాగే చేసేది. నేనూ అలాగే చేస్తాను. ఆరోజూ అలాగే చేసి, పులుసు పెట్టి, వాడి కోసం చూస్తున్నాను.

పన్నెండు దాటాక వచ్చాడు. రాగానే పెరట్లో కుళాయి దగ్గర చేతులు చాలాసేపు తోముకున్నాడు. అయినా కంచం ముందు కూర్చుంటే వాసన వచ్చింది. వరికి కొట్టే పురుగుమందు వాసన. డెల్టాలో పుట్టినవాళ్ళకి అది ఒకరు చెప్పక్కర్లేదు. ఏంట్రా ఈ వాసన అన్నాను. వాడు నా దగ్గర ఎప్పుడూ ఏదీ దాచడు. దాచాల్సిన అవసరం వాడికి నేనెప్పుడూ రానివ్వలేదు.

"ఆ ఊరి చెరువులో పోసొచ్చానక్కా, తెల్లారగట్ల. బలరామయ్య పదిమందిలో నన్ను 'నువ్వు' అన్నాడు. నేనేమో ప్రతి మాటకీ అండీ అంటున్నాను. 'నువ్వు' అన్నాడు." అని, కంచం కొంచెం ముందుకు జరిపి, "ఇంకొంచెం పులుసు వెయ్యి" అన్నాడు.

వేశాను.

ఇన్నేళ్ళలో ఎన్నిసార్లు ఆలోచించానో. గరిటె అక్కడ పడేసి లేచి ఉండొచ్చు. ఫోనందుకుని ఉండొచ్చు. అప్పటికింకా చెరువులో చేపలన్నీ చచ్చి ఉండకపోవచ్చు, నీళ్ళు మార్చడానికి ఏదో చేసి ఉండేవాళ్ళేమో. నేనేమో ముక్కలు చూసి చూసి, ముల్లు లేనిది ఏరి వేశాను. అలవాటు అంతే. మధ్యాహ్నం వాడు నా మంచం మీద హాయిగా నిద్రపోయాడు. మర్నాడు పేపర్లో ఫోటో చూశాను. చచ్చిన శీలావతి, బొచ్చె చేపలు, గట్టు పొడుగునా తెల్లటి పొట్టలు. చెరువు గట్టు మీద కూర్చుని ఒక ముసలావిడ తల బాదుకుంటోంది. వంద ఇళ్ళకి పైగా ఆ ఏడాది తిండి అది.

నీళ్ళలో విషం కలిసిందని పరీక్షలో తేలింది. ఎవరు కలిపారన్నది తేలలేదు. అయితే ఊరి అనుమానం ఒక మనిషి మీద నిలిచింది. అతన్ని పోతురాజు అందాం. ఆ ఊరివాడే. ముప్పై నాలుగేళ్ళు. ఎవరితోనూ పడదు. అందరూ తనని మోసం చేస్తున్నారనుకుంటాడు. వలలు వేసే వంతు గురించి సంఘంతో గొడవపడి, నెల ముందే, "మీ చెరువు మాడిపోను" అని నలుగురిలో తిట్టాడు. ఇంకేం కావాలి? పోలీసులు పిలిచి అడిగి, ఏమీ దొరక్క వదిలేశారు. అప్పుడు ఊరి పెద్దలు కూర్చుని ఒక మాట అనుకున్నారు. పిచ్చివాణ్ణి శిక్షించకూడదన్నది వాళ్ళ కట్టుబాటు. కాబట్టి ముందు ఇతనికి పిచ్చి ఉందో లేదో తేల్చుకుందాం. ఉంటే వదిలేద్దాం, లేకపోతే సంగతి చూద్దాం. మంచి ఉద్దేశమే. తేల్చుకోవడానికి ఏలూరు తీసుకొచ్చారు. మా ఆసుపత్రికే.

చెరువు చచ్చిన తొమ్మిదో రోజు అది. కేసు కాగితం డాక్టరుగారి బల్ల మీద ఉంది. ఊరి పేరు చూశాను. నేను ఆ గదిలోంచి బయటికి వెళ్ళిపోయి ఉంటే ఇంకో సైకాలజిస్టు చూసేవాడు. వెళ్ళలేదు. "ఈ కేసు నేను చూస్తానండీ" అన్నాను. నన్నెవరూ బలవంతం చెయ్యలేదు. అది మీరు గుర్తుపెట్టుకోవాలి. నేను చెయ్యి చాచి తీసుకున్నాను.

అతను నా ఎదురుగా కూర్చున్నాడు. నల్లగా, ఎముకలు బయటికొచ్చిన మనిషి. చేతులు మోకాళ్ళ మీద. కళ్ళలోకి చూడడు, చూస్తే చూపు తిప్పడు. నా ఫారంలో మొదటి ప్రశ్న చిన్నతనంలో జంతువుల పట్ల క్రూరత్వం. ఎందుకంటే ఎదుటి ప్రాణి బాధ పట్టనితనం చిన్నప్పుడే అక్కడ బయటపడుతుందని మా శాస్త్రం అంటుంది.

"చిన్నప్పుడు జంతువుల్ని హింసించేవాడివా?" అని అడిగాను.

"లేదండి."

"దేన్నీ చంపలేదా?"

"చేపల్ని చంపేవోణ్ణండి."

"ఎలా చంపేవాడివి?"

అతను నావైపు వింతగా చూశాడు. "కొరమీనయితే బూడిద రాసి పట్టుకుని, బండ మీద పెట్టి నెత్తి మీద కొడతామండి. ఓ పట్టాన చావదండి అది."

"కొట్టేటప్పుడు నీకేమనిపించేది?"

"ఏమనిపిస్తదండి? కూరకి ఆలస్యమవుద్దనిపిస్తది." ఏదో అర్థం కానట్టు నా మొహం వెతికాడు. "మీరు తినరా అండి?" అన్నాడు.

నేను తల వంచుకుని ఆ గడిలో టిక్కు పెట్టాను. పక్కన ఇలా రాశాను: ప్రాణుల్ని కొట్టి చంపిన తీరు నిర్వికారంగా వివరించాడు. ఎదురు ప్రశ్నలు వేస్తాడు. పశ్చాత్తాపం కనిపించలేదు.

ఒక్క టిక్కు పడ్డాక మిగతావి వాటంతటవే పడ్డాయి. అతను ఏం చెప్పినా ఆ టిక్కు వెలుగులోనే రాసుకుంటూ పోయాను. ఊళ్ళో ఎవర్నీ నమ్మను అంటే, కక్ష అని రాశాను. ఒకసారి బావమరిదిని కొట్టాను అంటే, దౌర్జన్యం అని రాశాను. ఏడవలేదు కాబట్టి మనసు లేదని రాశాను. ఏడ్చి ఉంటే నటన అని రాసేదాన్ని.

అతనికి నిజంగా ఏమైనా ఉందా? ఉండొచ్చు. ఆ అనుమానం, ఆ బిగుసుకుపోవడం చూస్తే ఏదో ఉండి ఉండొచ్చు, ఓపిగ్గా చూసి ఉంటే అతనికి నేను సాయం కూడా చేసి ఉండేదాన్నేమో. అయితే నేను ఆరోజు అతన్ని చూడనే లేదు. నా ఫారంలోని ప్రతి గడికీ జవాబు నాకు ముందే తెలుసు. అవన్నీ ఇంకో మనిషివి. గోనెసంచీ పట్టుకుని కాలవ గట్టున కూర్చున్నవాడివి. వాడి జవాబులు ఇతని పేరు కింద నింపాను. ఆ పని నాకంటే బాగా చెయ్యగలిగినవాళ్ళు రాష్ట్రంలో ఉండరు.

మా వృత్తిలో ఒక నియమం ఉంది. మనిషి స్వభావం గురించి రాసేముందు ఇంట్లోవాళ్ళని కూడా అడగాలి, కనీసం ఇద్దర్ని. వెంట వచ్చిన బలరామయ్యగారిని అడిగాను, ఆయన ఇంట్లోమనిషి కాకపోయినా. పోతురాజు భార్య బయట బల్ల మీద తొమ్మిదేళ్ళ కూతుర్ని పక్కన పెట్టుకుని మూడు గంటలు కూర్చుంది. రెండుసార్లు తలుపు దాకా వచ్చింది. రెండోసారి, "నన్నేవీ అడగరా అండి?" అంది. అక్కర్లేదమ్మా అన్నాను. ఆవిడ ఏం చెప్పి ఉండేదో నాకీనాటికీ తెలియదు.

రిపోర్టు చివర రాశాను: మతిభ్రమ లేదు. సంఘవిరుద్ధ స్వభావ లక్షణాలు ఉన్నాయి. ఇటువంటి స్వభావం కలవారు పగతో ఇతరులకు నష్టం చేసే అవకాశం ఎక్కువ. డాక్టరుగారు బాగా రాశావమ్మా అని సంతకం పెట్టారు. చివరి వాక్యంలో అబద్ధం లేదు, పుస్తకాల్లో ఉంటుంది. ఎవరి పేరు కింద రాశాననేదే అబద్ధం. పిచ్చి అని రాసి ఉంటే ఊరు జాలిపడి వదిలేసేది. ఏమీ లేదని రాస్తే అనుమానం అనుమానంగా ఉండిపోయేది. నేను రాసినదానికి రెండు దారులూ మూసుకుపోయాయి. అది రాస్తున్నప్పుడే నాకు తెలుసు.

ఆ కాగితం పెట్టి మళ్ళీ ఫిర్యాదు ఇచ్చారు. ఈసారి అరెస్టు చేశారు. కొన్ని నెలలు జైల్లో ఉన్నాడు. మా ఇంటికీ ఆ జైలుకీ ఎంతో దూరం లేదు, ఆ రోడ్డున వెళ్ళడం మానేశాను. నాలుగేళ్ళకి సాక్ష్యం లేదని కోర్టు కొట్టేసింది. ఊరు మాత్రం కొట్టెయ్యలేదు. సాక్ష్యం లేకపోతేనేం, కాగితం ఉంది కదా అన్నారు. చెరువులో వాటా తీసేశారు, ఇంటిని వెలివేశారు. భార్య పుట్టింటికి పోయి, అక్కడే జబ్బుచేసి చనిపోయిందట. అతను తణుకు వైపు వెళ్ళిపోయి ఎక్కడో గోడౌనుకి కాపలా ఉంటున్నాడని విన్నాను. ఇవన్నీ నాకు ఎలా తెలుసంటారా? కనుక్కునేదాన్ని. నెలకోసారి, ఎవరో ఒకర్ని, మాటల మధ్యలో అడుగుతున్నట్టు అడిగి కనుక్కునేదాన్ని.

అంతేనా? అంతటితో కూడా ఆగలేదు. చదువుకోవడానికి మా దగ్గరికి వచ్చే విద్యార్థులకి ఆ కేసు పాఠంగా చెప్పాను. స్వభావానికీ నేరానికీ సంబంధం చూడండి, ఎంత చక్కటి ఉదాహరణో అనేదాన్ని. చెప్పగా చెప్పగా నేనే నమ్మేదాకా వచ్చాను. ఒక అమ్మాయి మాత్రం, "కొల్లేరు పిల్లలందరూ చేపల్ని అలాగే చంపుతారు కదా మేడమ్" అంది. అనవసరమైన ప్రశ్నలు వెయ్యొద్దన్నాను. జన్మలో ఒక విద్యార్థి మీద అలా అరవలేదు.

తమ్ముడు బాగున్నాడు. రెండు కొట్లయ్యాయి. అందరికీ ఆప్తుడు. ఆసుపత్రిలో ఎవరున్నా ముందుగా పళ్ళు పట్టుకుని వెళ్ళేది వాడే. ఆ తర్వాత ఇంకేం చేశాడో నేను అడగలేదు. ఒకటి రెండుసార్లు వాసన వచ్చింది. పురుగుమందుది కాదు, ఇంకోరకం వాసన. వాడిని ఏదో అన్నవాళ్ళకి ఏదో జరగడం. నేను అడగకుండా కంచంలో వడ్డించాను.

నన్ను నేను ఎన్నిసార్లు పరీక్ష చేసుకున్నానో. అదే ఫారంతో. పశ్చాత్తాపం లేదా? ఉంది. ఎదుటివాళ్ళ బాధ తెలియదా? తెలుసు. చిన్నప్పుడు క్రూరత్వమా? లేదు. ఒక్క గడిలో కూడా టిక్కు పడదు. ఎంత వెతికినా నాకే డిజార్డరూ లేదు. నిక్షేపంలా ఉన్నాను. ఒక అమాయకుణ్ణి జైలుకి పంపిన పని, అతని ఇంటిని కూల్చిన పని, ఏ జబ్బూ లేని మనిషి, తమ్ముడి మీద ప్రేమతో, చక్కటి చేతిరాతతో చేసింది. నేరం కోసం వంకర స్వభావాల్ని వెతుకుతాం కదా మేం, మాలాంటివాళ్ళు ఆ ఫారంలో ఎక్కడా దొరకం.

ఇంకా ఎన్నేళ్ళయినా నోరు విప్పేదాన్ని కాదేమో. వారం కిందట బలరామయ్యగారు మళ్ళీ వచ్చారు. బాగా ముసలివాడయ్యారు. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో మడతలు నలిగిపోయిన నా రిపోర్టు. దాన్ని భూమి దస్తావేజులా దాచారు. పోతురాజు కూతురు, దుర్గ అందాం, ఊరికి తిరిగొస్తానంటోందట. నానమ్మ ఇంట్లో ఉంటాను, మా వాటా మాకివ్వండి అని సంఘానికి అర్జీ పెట్టుకుందట. ఊళ్ళో సగంమంది ఇద్దామంటున్నారు, సగంమంది భయపడుతున్నారు.

"బుద్ధులు రక్తంలో వస్తాయంటారు కదండి. తండ్రి ఎలాంటోడో తమరే రాశారు. పిల్లని కూడా ఓసారి చూసి కాగితం రాసిచ్చారంటే ఊరు ఒప్పుకుంటదండి" అన్నారాయన.

తలుపు సందులోంచి బయటికి చూశాను. తల్లి కూర్చున్న బల్ల మీదే ఆ పిల్ల కూర్చుంది. ఇరవయ్యొక్క ఏళ్ళుంటాయి. చేతులు మోకాళ్ళ మీద. నన్ను చూసి లేచి నిలబడింది. తన బతుకు నా పెన్ను చివర ఉందని ఆ పిల్లకి తెలుసు. ఒకసారి ఆ పెన్ను ఏం చేసిందో కూడా తెలుసు.

ఇప్పుడు కూడా, నిజం చెబుతున్నాను, నాకు మొదట వచ్చిన ఆలోచన ఏమిటంటే, ఈ పిల్లకి మంచి రిపోర్టు రాసిచ్చేద్దాం, సరిపోతుంది. తండ్రి ఎలాంటివాడైనా పిల్లలో ఆ లక్షణాలు లేవు అని రాస్తే చాలు. పిల్లకి వాటా వస్తుంది, నా తమ్ముడు వాడి కొట్లో ఉంటాడు, నాకు పుణ్యం. పెన్ను తీశాను కూడా. "తండ్రి ఎలాంటివాడైనా" అన్న మాట దగ్గర చెయ్యి ఆగిపోయింది. వారం ఆగి రండి అని పంపేశాను.

ఆ వారంలో ఖాళీ ఫారం ఒకటి తీసుకున్నాను. రోగి పేరు అన్నచోట తమ్ముడి పేరు రాశాను. వివరాలు చెప్పినవారు, వారికి రోగితో సంబంధం అన్నచోట నా పేరు రాసి, అక్క అని రాశాను. నా పేరు రాశానని మొదట్లో అన్నది ఇక్కడే. పిల్లికూనల దగ్గర్నుంచి మొదలుపెట్టాను. ఆ తర్వాత వేరే కాగితం మీద, ఆదివారం, పెరటి కుళాయి, పులుసు, అన్నీ రాశాను. ఫారం చెప్పలేనిది ఆ రెండో కాగితం చెబుతుంది. రెండింటికీ నకళ్ళు తీసి ఒక జత డాక్టరుగారికి, ఒక జత పోలీసు స్టేషన్లో ఇచ్చాను. వాళ్ళు పైనుంచి కిందికి చూసి, పన్నెండేళ్ళయిందా అండీ అన్నారు. నా ఉద్యోగం ఉంటుందో లేదో తెలియదు. నామీద కేసు కూడా పెడతారేమో. పెట్టాలి.

నిన్న శనివారం ఆ ఊరు వెళ్ళాను. చెరువు గట్టు పక్కన సంఘం హాలు. అందరి ముందూ నిలబడి ఆ రెండో కాగితం చదివాను. చదవడం అయ్యాక బలరామయ్యగారు చేతిలో ఉన్న ప్లాస్టిక్ కవరు తిప్పి తిప్పి చూసుకుంటున్నారు. దుర్గ గోడవారగా నిలబడి ఉంది. దగ్గరికి వెళ్ళాను. ఏం చెబుదామని వెళ్ళానో నాకే తెలియదు.

"నాకెందుకండి చెబుతారు?" అంది. "మా నాన్నకి చెప్పండి." చీటీ మీద తణుకు అడ్రసు రాసి నా చేతిలో పెట్టి వెళ్ళిపోయింది.

ఇవాళ ఆదివారం. పొద్దున్నే తమ్ముడు ఫోన్ చేశాడు. "నిన్న కొల్లేరు వెళ్ళావటగా అక్కా. చెబితే నేనే కార్లో దింపేవాణ్ణిగా" అన్నాడు. ఎప్పటిలాగే మెత్తటి గొంతు. భోజనానికి వస్తున్నానన్నాడు. రా అన్నాను. వాడు వచ్చి ఏం చేస్తాడో నాకు తెలియదు. వాడికి అన్నం తినిపించి పెంచినదాన్ని, నాకే తెలియదు. పక్కింటివాళ్ళకి ఒక మాట చెప్పి ఉంచాను. అయినా పన్నెండేళ్ళలో మొదటిసారి ఊపిరి అడుగంటా తీసుకోగలుగుతున్నాను. క్షమించమని అడగడానికి ఇది రాయలేదు. రేపటిదాకా బాగుంటే మొదటి బస్సుకి తణుకు వెళతాను. అక్కడ చెప్పాల్సిన మాట ముందుగా ఇక్కడ రాసి చూసుకుంటున్నాను, నోరు తిరుగుతుందో లేదోనని.

పోతురాజుగారూ, ఆరోజు మీరు నన్నొక ప్రశ్న అడిగారు. నేను జవాబు చెప్పకుండా తల దించుకుని రాసుకున్నాను. తింటానండీ. ఆ ఆదివారం కూడా తిన్నాను. బూడిద రాసి, బండ మీద పెట్టి, నెత్తి మీద నేనే కొట్టి చంపాను. నేనే వండాను. మీ చెరువులో విషం పోసి వచ్చినవాడికి, అడిగిన వెంటనే, రెండోసారి వడ్డించాను.